మోకాలికి కాదు, మూలుగకు

కోరుట్లలో మా పెద్దమ్మ ఇంటి అరుగు ఎక్కితే ముందు తునికాకు వాసన, వెనకనే జర్దా ఘాటు. ఒళ్ళో చాట, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు కట్ట, చేతికందే దూరంలో కత్తెర, దారం. నలభై ఏళ్ళు అట్లా కాళ్ళు మడిచి కూర్చుని బీడీలు చుట్టిన మనిషి మోకాళ్ళ సంగతి చెప్పడానికి ఎక్స్‌రే అక్కర్లేదు. లేచేటప్పుడు గోడ పట్టుకునే తీరు చూస్తే చాలు. పోయిన ఎండాకాలం వెళ్ళినప్పుడు నా చేతిలో ఒక రంగుల కాగితం పెట్టింది.

"గుజ్జు అరిగిందన్నరు గద కొడుకా. గీ సూది ఏస్తే గుజ్జు మళ్ళ పెరుగుతదట. దుబాయ్‌ల తమ్ముడు ఇన్సూరెన్స్ చేసిండు గద. అండ్ల వస్తదేమో జర అడుగు."

అది హైదరాబాద్‌లోని ఒక క్లినిక్ కరపత్రం. 'మూలకణ చికిత్స, ఆపరేషన్ లేకుండా, ఏ వయసు వారికైనా' అని పెద్ద అక్షరాలు. మోకాళ్ళ నొప్పులు, షుగర్, పక్షవాతం, పార్కిన్సన్స్, చూపు మందగించడం, మతిమరుపు, అన్నిటికీ ఆ ఒక్క సూదే మందట. కింద 'ఇన్సూరెన్స్ సదుపాయం కలదు' అని ఒక ముక్క, దాని పక్కన చిన్న చుక్క, ఆ చుక్కకు ఎక్కడా వివరణ లేదు. పెద్దమ్మకు జవాబు చెప్పడానికి ఆ చుక్క వెంట పడాల్సి వచ్చింది. పాలసీ కాగితాలు, నియంత్రణ సంస్థ ఉత్తర్వులు, వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాలు తిరగేశాక తేలింది చిన్న మాటే: మోకాలికి రాదు, మూలుగకు వస్తుంది. అయితే ఆ రాదు అన్నది అన్యాయమేమీ కాదు. వస్తుంది అన్నది పూర్తిగా రావడమూ కాదు.

మన దేశంలో ఏ ఆరోగ్య బీమా పాలసీ దేనికి డబ్బు కట్టాలో, దేనికి కట్టనక్కర్లేదో గీత గీసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కార్యాలయం ఢిల్లీలోనో ముంబైలోనో లేదు. 2001 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. 2019 సెప్టెంబరు 27న ఆ సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పటిదాకా కంపెనీలు కొత్త చికిత్స ఏది కనబడినా 'మా పాలసీలో లేదు' అని తోసేసేవి. ఇకమీదట ఫలానా 12 ఆధునిక చికిత్సలను పక్కన పెట్టడానికి వీల్లేదని ఆ ఉత్తర్వు చెప్పింది. రోబో శస్త్రచికిత్స, నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ, కంట్లో వేసే ఇంజెక్షన్లు, ప్రోస్టేటుకు లేజర్, మెదడులో ఎలక్ట్రోడు పెట్టే చికిత్స లాంటివి అందులో ఉన్నాయి. వాటిలో చాలా మటుకు ముసలివాళ్ళకు అక్కరకొచ్చేవే. కొత్త పాలసీలకు 2020 అక్టోబరు నుంచి, పాతవాటికి 2021 ఏప్రిల్ నుంచి అమలు. అదే జాబితాలో మూలకణ చికిత్స కూడా ఉంది. కరపత్రాలు అచ్చువేసే వాళ్ళు ఇక్కడి దాకే చదువుతారు. ఆ పేరు పక్కనే ఉన్న వాక్యం మాత్రం చదవరు: రక్త సంబంధ వ్యాధులకు, మూలుగ మార్పిడి కోసం వాడే రక్త మూలకణాలకు మాత్రమే ఇది వర్తిస్తుంది.

మూలుగ అంటే మన వైపు ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఆదివారం మటన్ కూరలో బొక్క కొట్టి జుర్రుకునేది అదే. మనిషి ఒంట్లో నెత్తురు పుట్టేది ఆ మూలుగలోనే. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, మూడూ ఒకే తల్లి కణం పిల్లలు. ఆ తల్లి కణమే రక్త మూలకణం. రోగి మూలుగ చెడితే దాన్ని మందులతో ఊడ్చేసి, మంచి మూలకణాలను సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తే అవి దారి వెతుక్కుంటూ బొక్కల్లోకి పోయి మళ్ళీ కాపురం పెడతాయి. ఈ పని చేసి చూపించిన అమెరికా వైద్యుడు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1983లో మొదలైంది. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా ఏళ్ళుగా జరుగుతోంది. నలభై ఏళ్ళ పైబడిన లెక్కలు, ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎందుకు పోయారు అన్నీ కాగితం మీద ఉన్నాయి. భారత వైద్య పరిశోధనా మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో తెచ్చిన జాతీయ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. రక్త వ్యాధులకు రక్త మూలకణాల మార్పిడి ఒక్కటే స్థిరపడిన చికిత్స. మిగతా ఏ మూలకణ ప్రయోగమైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అంటే బీమా గీసిన గీత బీమా వాళ్ళు సొంతంగా గీసింది కాదు, వైద్యం గీసిన గీతనే వాళ్ళు తమ భాషలోకి ఎత్తి రాసుకున్నారు.

ఈ మార్పిడి పెద్ద వయసులో ఎవరికి అవసరమవుతుంది? ఎక్కువగా మల్టిపుల్ మైలోమా వాళ్ళకు. మూలుగలోనే పుట్టే క్యాన్సర్ ఇది, బొక్కలను లోపలి నుంచి తొలుస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అరవై దాటాక ఎక్కువ, మన దగ్గర అంతకంటే ముందే కనబడుతోందని డాక్టర్లు చెబుతుంటారు. జగిత్యాల పక్క పల్లెలో ఒక రైతుకు ఇది వస్తే ఎట్లా మొదలవుతుందో ఊహించండి. నడుము నొప్పి. అరవై ఏళ్ళొచ్చాయి, నాటు వేశాడు, మూటలు మోశాడు, నడుము నొప్పి కాక మరేముంటుంది? ఆరెంపీ దగ్గర నొప్పి సూది, మందుల షాపులో గోళీలు. నీరసమంటే బలానికి సీసా. మైలోమా అప్పటికే కిడ్నీలను తింటుంటుంది, నొప్పి గోళీలు దానికి సాయం చేస్తాయి. ఆర్నెల్లకు ఒక బొక్క విరిగినప్పుడో, క్రియాటినిన్ పెరిగినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. నెత్తురులో ప్రొటీన్ చూసే ఎలక్ట్రోఫోరిసిస్ అనే మామూలు పరీక్ష ముందే చేయించి ఉంటే దొరికేది. ఏ పాలసీలో ఎంత ఉందనేది ఆ తర్వాతి మాట. జబ్బు పేరే తెలియనివాడికి క్లెయిమ్ ఎక్కడిది?

జబ్బు తెలిసి, మందులతో అదుపులోకి వచ్చి, గుండె, కిడ్నీ ఓర్చుకుంటాయనుకుంటే రోగి సొంత మూలకణాలతోనే మార్పిడి చేస్తారు. ఇది ఒకసారి దగ్గరగా చూడాల్సిందే, ఎందుకంటే కరపత్రంలోని 'ఒక్క సూది'కీ దీనికీ ఎంత దూరమో అప్పుడే తెలుస్తుంది. ముందు నాలుగైదు రోజులు సూదులు ఇస్తారు. మూలుగ ఉప్పొంగి మూలకణాలను నెత్తురులోకి తోస్తుంది. ఆ రోజుల్లో బొక్కలన్నీ లోపలి నుంచి సలుపుతాయి, మూలుగ మూలుగుతుందన్నమాట. తర్వాత డయాలసిస్ లాంటి యంత్రానికి కలిపి, ఒక గొట్టంలో నెత్తురు తీసి, మూలకణాలను వడగట్టి, మిగిలింది ఇంకో గొట్టంలో తిరిగి ఎక్కిస్తారు. చేతికొచ్చేది పలుచని ఎర్రరంగు సంచి. దాన్ని చల్లగా దాస్తారు. ఆ తర్వాత మెల్ఫలాన్ అనే మందు పెద్ద మోతాదులో ఎక్కిస్తారు. డెబ్భైకి దగ్గర పడ్డవాళ్ళకు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు మోతాదు తగ్గిస్తారు. మందు ఎక్కుతున్నంత సేపూ నోట్లో ఐసు ముక్కలు చప్పరించమంటారు. నోటికి నెత్తురు సరఫరా తగ్గితే అక్కడ పుండ్లు తక్కువ పడతాయి. ఇంత ఖరీదైన చికిత్సలో అన్నిటికన్నా చౌకైన మందు ఈ ఐసే. మరునాడో, ఆ మరునాడో దాచిన సంచి తెచ్చి ఎక్కిస్తారు. ఆ రోజును 'డే జీరో' అంటారు. గడ్డకట్టించి దాచిన కణాలైతే వాటితో కలిపిన రసాయనం వల్ల గదంతా వెల్లుల్లి పోపు వేసినట్టు వాసనొస్తుందని నర్సులు చెబుతారు. ఆ పైన పది పదిహేను రోజులు ఒంట్లో తెల్ల కణాలే ఉండవు. జ్వరం వస్తే ప్రాణం మీదికే. గాజు తలుపు అవతల కొడుకు మాస్కు పెట్టుకుని నిలబడి చేయి ఊపుతాడు. ఒక పొద్దున రిపోర్టులో కౌంట్ పైకి లేస్తుంది, ఆ వార్త వార్డులో టీ కంటే ముందు తిరుగుతుంది.

వేరే మనిషి మూలకణాలు ఎక్కించే మార్పిడి ఇంతకంటే కష్టం. లుకేమియా, ఎండీఎస్ లాంటి మూలుగ జబ్బులకు అది కావాలి. పూర్తిగా సరిపోవడానికి ఒక్కో తోబుట్టువుకు ఉన్న అవకాశం 25 శాతం. పెద్దాయనకు డెబ్భై అయితే తమ్ముడికి అరవై అయిదు, ఆయనకూ బీపీ, షుగర్. ముసలివాళ్ళు ఓర్చుకునేలా మందుల మోతాదు తగ్గించే పద్ధతి 1990ల చివర్లో వచ్చాకే ఈ వయసువాళ్ళకు ఆ తలుపు కాస్త తెరుచుకుంది. మార్పిడి తర్వాత దాదాపు వంద రోజులు ఆసుపత్రికి అందుబాటులో ఉండమంటారు. సిరిసిల్ల నుంచి అయినా, జగిత్యాల నుంచి అయినా హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోవాలి, వండిపెట్టే మనిషి ఉండాలి. ఆ అద్దె, ఆ మనిషి పోగొట్టుకున్న కూలి ఏ పాలసీలోనూ రావు.

ఇక పాలసీలో వచ్చేదెంత? ఐఆర్‌డీఏఐ ఉత్తర్వు చికిత్సను కాదనొద్దన్నది గాని, పరిమితి పెట్టుకోవద్దనలేదు. అసలు కిటుకు ఇక్కడుంది. అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మేలా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీనే తీసుకుందాం. సామాన్యుడి కోసమని తెచ్చిన పాలసీ, భాష తేలిక. అందులో ఈ 12 ఆధునిక చికిత్సలకు బీమా మొత్తంలో సగం వరకే ఇస్తారు. దాని మీద 5 శాతం కో-పే, అంటే రోగి సొంతంగా కట్టాల్సిన వాటా. లెక్క వేయండి: 5 లక్షల పాలసీ, బిల్లు 7 లక్షలనుకుందాం. సగం పరిమితి 2,50,000. అందులో కో-పే పోగా చేతికి వచ్చేది 2,37,500. మిగిలిన 4,62,500 ఇంట్లోంచి తేవాలి. 'నీకు కవర్ అవుతుంది' అని ఏజెంట్ చెప్పిన మాట అబద్ధం కాదు. కవర్ అవుతుంది, మోకాళ్ళ దాకా వచ్చే దుప్పటిలాగా. సీనియర్ సిటిజన్ల కోసమే ప్రత్యేకంగా అమ్మే కొన్ని పాలసీల్లో కో-పే 20, 30 శాతం కూడా ఉంటుంది. మన నియంత్రణ సంస్థ మీద నాకున్న ప్రధాన ఫిర్యాదు ఇదే. పేరు, చరిత్ర, లెక్కలు ఉన్న చికిత్సను, అవేవీ లేని చికిత్సల్లాగే అనుమానంగా చూసి సగానికి కోయడం ఎందుకు? 2019 నాటికే మూలుగ మార్పిడి మన దేశంలో ముప్పై ఆరేళ్ళ పాతది. దానికి 'ఆధునిక' అనే ముద్ర వేయడం వల్ల ముసలి రోగికి దక్కింది గౌరవం కాదు, కోత.

వయసు సంగతి కొంత మెరుగైంది, అది ఒప్పుకోవాలి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వకపోయినా అడిగేవాడు లేని రోజులు 2024 ఏప్రిల్‌తో పోయాయి. ఏ వయసువాళ్ళకైనా సరిపోయే పాలసీలు కంపెనీలు తేవాలి. ముందే ఉన్న జబ్బులకు ఎదురుచూడాల్సిన కాలం నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకు దిగింది. అయిదేళ్ళు ఎడతెగకుండా ప్రీమియం కడితే, మోసం రుజువైతే తప్ప 'నువ్వు అప్పుడు షుగర్ సంగతి చెప్పలేదు' అని క్లెయిమ్ తోసేయడానికి లేదు. 2025 జనవరి 30న ఇంకో ఉత్తర్వు వచ్చింది: సీనియర్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలి. అదే సంవత్సరం సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ పాలసీ కొనగలిగినవాళ్ళ సంగతి.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ళలో కొనగలిగేదెవరు? ఇక్కడి ఇళ్ళలో ముసలివాళ్ళ ఆరోగ్యం రెండు చోట్ల నుంచి నడుస్తుంది. ఒకటి గల్ఫ్, రెండోది హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలు. దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్న కొడుకుకు అక్కడ కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ అతనొక్కడికే. ఇక్కడి అమ్మానాన్నలకు అతను ఫోన్‌లో పాలసీ కొంటాడు, ఫారంలో 'బీపీ ఉందా' అన్నచోట ఏజెంట్ 'లేదు' అని కొట్టేస్తాడు, మంచికేనంటాడు. మెలిక ఆ మంచిలోనే పడుతుంది. ఐటీ కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చిన కొడుకుకు ఎదురుచూపుల బాధ సాధారణంగా ఉండదు, కాని ఉద్యోగం మారిన రోజే ఆ కవర్ పోతుంది. అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే హక్కు ఉందన్న సంగతి ఎవరూ చెప్పరు, అడిగే తీరికా ఉండదు.

సిరిసిల్ల కథ వేరు. అక్కడ సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడి పన్నెండు గంటలు గడిపిన మనిషికి అరవై ఏళ్ళకు మిగిలేది మోకాళ్ళు, చెవులు చెడగొట్టుకున్న చరిత్ర. సాంచా ఆపితే ఎదుటివాడి మాట వినిపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. 2005లో కేంద్రం చేనేతల కోసం ఐసీఐసీఐ లాంబార్డ్ ద్వారా ఆరోగ్య బీమా తెచ్చింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలు, అందులో సగం దాకా ఓపీ చికిత్సకు ఉండేవి. దాని పేరులోనే చేనేత ఉండేది, మరమగ్గం లేదు. నలుగురు కూలీలతో నడిచే ఆసామి షెడ్డుకు ఈఎస్ఐ కూడా అందదు, దానికి కనీసం పదిమంది కావాలి. పేరుకు వస్త్ర పరిశ్రమ. బీమా లెక్కలో మాత్రం ఒక్కొక్కడూ ఒంటరివాడే.

కాబట్టి ఇక్కడ బీమా అంటే జనం నోట వచ్చే మొదటి మాట ఆరోగ్యశ్రీయే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెరిగింది. ప్రైవేటు పాలసీకి భిన్నంగా ఇందులో వయసు అడగరు, షుగర్ ఎప్పటి నుంచి అని అడగరు, కో-పే లేదు. ముసలివాళ్ళకు ఇంతకంటే సూటైన బీమా నేను చూడలేదు. కాని ఇది ప్యాకేజీల పథకం. జాబితాలో మీ చికిత్సకు కోడ్ ఉందా, ఆ కోడ్ మీద ఆ ఆసుపత్రి చేస్తుందా, రెండూ కుదిరితేనే. వెళ్ళగానే కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్రను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఆసుపత్రులకు బకాయిలు పేరుకున్నప్పుడు ఆ కోడ్ ఉన్నా పని జరగదు. 2025లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసి కూర్చున్నది చూశాం. చాలకపోతే ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్వోసీ, అంటే ఖర్చుకు ముందే ఇచ్చే హామీ లేఖ. నిమ్స్ ఎస్టిమేషన్ కాగితం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి తిరగడం జగిత్యాల, కోరుట్ల జనానికి కొత్త కాదు. బీమాను హక్కుగా అడుగుతాం, ఎల్వోసీని బతిమాలి అడుగుతాం. ఒకే జబ్బు, రెండు గొంతులు.

కేంద్రం 2024 అక్టోబరు 29న డెబ్భై ఏళ్ళు నిండిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళకూ ఇస్తారు. రేషన్ కార్డు లేని రిటైర్డ్ మాస్టారుకు ఇది నిజంగా పనికొచ్చే కార్డు. దీని గురించి చివర్లో మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు మోకాలు. కరపత్రాల వ్యాపారమంతా మోకాలి మీదే నడుస్తుంది, ఎందుకంటే మూలుగ జబ్బు వేలల్లో ఒకరికి, మోకాలి నొప్పి ఇంటికొకరికి. అరిగిన గుజ్జును మూలకణం మళ్ళీ పుట్టిస్తుందా? రోగి కొవ్వు నుంచి, తుంటి మూలుగ నుంచి, దాతల బొడ్డుతాడు నుంచి తీసిన కణాలను మోకాలిలోకి ఎక్కించి, మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చి చూశారు అమెరికాలో. 470 మందికి పైగా, ఏడాది పాటు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఫలితం వచ్చింది: మూడు రకాల్లో ఏదీ స్టెరాయిడ్ కంటే మెరుగు కాదు. నొప్పి అన్ని గుంపుల్లోనూ కొంత తగ్గింది. తేడా సూది ధరలోనే ఉంది.

అయితే ఈ కథలో ఒక మడత ఉంది, దాన్ని దాచితే సమీక్ష కాదు. బెంగళూరులోని స్టెమ్‌ప్యూటిక్స్ అనే సంస్థ ఆరోగ్యవంతులైన దాతల మూలుగ నుంచి పెంచిన కణాలతో ఒక మందు తయారుచేసింది. మధ్యస్థంగా అరిగిన మోకాళ్ళకు, అంటే గ్రేడ్ 2, గ్రేడ్ 3కు దాన్ని వాడడానికి 2022లో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఆల్కెమ్ కంపెనీ స్టెమ్‌వన్ పేరుతో అమ్ముతోంది. 146 మంది మీద జరిగిన మూడో దశ ట్రయల్‌లో ఉత్తుత్తి సూది కంటే నొప్పి బాగా తగ్గిందని తేలింది. అంటే మోకాలికి చట్టబద్ధమైన మూలకణ మందు దేశంలో ఒకటుంది! దీనికంటే ముందు అదే సంస్థ కణాలకు అనుమతి దొరికిన జబ్బు బర్జర్స్. కాళ్ళ రక్తనాళాలు మూసుకుపోయి వేళ్ళు నల్లబడే జబ్బు, బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకే ఎక్కువ. కోరుట్ల అరుగుల మీద చుట్టిన బీడీ ఎక్కడో ఎవరి కాలినో తిన్నాక, ఆ కాలికి వేయడానికి వచ్చిందన్నమాట మన దేశపు తొలి మూలకణ మందు.

మరి అనుమతి ఉన్న ఆ మోకాలి మందుకైనా బీమా రాదా? సాధారణంగా రాదు. ఐఆర్‌డీఏఐ వాక్యం రక్త మూలకణాల దగ్గర ఆగింది, ఇవి ఆ జాతి కణాలు కావు. పైగా సూది వేయించుకుని గంటలో ఇంటికి వచ్చే పనికి ఇరవై నాలుగు గంటల ఇన్‌పేషెంట్ నిబంధన అడ్డం. ఇక అనుమతి లేని సూదులన్నిటినీ ఆపడానికి పాలసీ చివర ఎక్స్‌క్లూజన్ 16 ఉంటుంది: పనిచేస్తుందనడానికి తగినన్ని వైద్య ఆధారాలు లేని చికిత్సకు డబ్బివ్వం. పాలసీ పుస్తకంలో నాకు నచ్చిన నిబంధన ఇదొక్కటే. క్లెయిమ్ రిజెక్ట్ అయిన ఉత్తరంలో 'ఎక్స్‌క్లూజన్ 16' అని కనిపిస్తే కంపెనీని తిట్టే ముందు ఆ సూది వేసిన క్లినిక్ వైపు ఒకసారి తిరిగి చూడాలి. అలాగని బీమా జాబితానే శాస్త్రం జాబితా అనుకున్నా పొరపాటే, స్టెమ్‌వన్ సంగతి అందుకు ఉదాహరణ. ఆ మందు విషయంలో నా మాట అడిగితే, ఇంకో పెద్ద ట్రయల్, రెండు మూడేళ్ళ ఫలితాలు వచ్చేదాకా కంపెనీలు ఆగడాన్ని తప్పుపట్టను. గ్రేడ్ 4కు చేరిన మా పెద్దమ్మ మోకాళ్ళకు ఎలాగూ అది పనికిరాదు. క్లినిక్‌ల వాళ్ళు ఎప్పుడూ అడగనిది ఈ గ్రేడే.

ఇంకో కల్తీ కూడా జరుగుతోంది. రోగి నెత్తురునే తీసి తిప్పి ఎక్కించే పీఆర్‌పీ సూదిని కూడా 'మూలకణాలు' అని అమ్ముతున్నారు. అందులో ఉండేది ప్లేట్‌లెట్లు. పాలు అని చెప్పి మజ్జిగ పోసినట్టు. మజ్జిగ చెడ్డదని కాదు, బిల్లు పాలదని.

నష్టం డబ్బుతో ఆగితే ఫర్వాలేదు. ఫ్లోరిడాలో 72 నుంచి 88 ఏళ్ళ మధ్య ముగ్గురు స్త్రీలు వయసుతో వచ్చిన చూపు మందానికి ఒక క్లినిక్‌లో కొవ్వు మూలకణాలు రెండు కళ్ళలో ఒకే రోజు వేయించుకున్నారు. ముగ్గురికీ చూపు దారుణంగా పోయింది. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఆ వివరాలు వచ్చాయి. దానికి మూడేళ్ళ ముందే జపాన్‌లో అదే జబ్బుకు, అదే వయసు స్త్రీకి, మసాయో తకహాషి బృందం ప్రయోగశాలలో పెంచిన కణాల పొరను ఒక్క కంటిలో అమర్చి, ఏళ్ళ తరబడి కనిపెట్టి చూసింది. ప్రయోగానికీ వ్యాపారానికీ ఉన్న తేడా ఆ ఒక్క కన్ను, రెండు కళ్ళ తేడాయే. అమెరికాలో ఉన్న పిల్లలు 'ఇక్కడ చేయిద్దాం' అంటారు గాని, అక్కడ మోకాలి సూదుల్లో వాడే జాతి కణాల మందుకు తొలి అనుమతి వచ్చిందే 2024 డిసెంబరులో, అదీ మూలుగ మార్పిడి తర్వాత పిల్లల్లో వచ్చే ఒక ఉపద్రవానికి. మోకాలికి లేదు, ముసలివాళ్ళ మెడికేర్ కూడా మోకాలి మూలకణాలకు పైసా ఇవ్వదు.

మన ఇంట్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. కంటి నల్లగుడ్డు అంచున మూలకణాలుంటాయి, సున్నమో యాసిడో పడితే అవి కాలిపోయి గుడ్డు తెల్లబారుతుంది. మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి పెంచి అమర్చడం అక్కడ 2001 ప్రాంతంలో మొదలైంది. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ల్యాబ్ అవసరమే లేకుండా కంటి మీదే కణాలను పెంచే తేలిక పద్ధతి ప్రకటించింది. లోకమంతా దాన్ని వాడుతోంది. ఐఆర్‌డీఏఐ వాక్యంలో మాత్రం కన్ను లేదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన వాక్యానికి హైదరాబాద్‌లో పుట్టిన మూలకణ చికిత్స కనబడలేదు.

తగాదా పడాల్సిన చోట పడాలి కూడా. మూలుగ మార్పిడికి కంపెనీ అడ్డం తిరిగితే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, నెలలోగా తేల్చకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో ఇవ్వాలి, డిశ్చార్జి మాట మూడు గంటల్లో తేల్చాలి, సమీక్షా కమిటీ చూడకుండా క్లెయిమ్ కొట్టేయకూడదు. మార్పిడి అనేది అర్ధరాత్రి ఎమర్జెన్సీ కాదు, వారాల ముందు తేదీ పెట్టుకునే పని. కాబట్టి సబ్-లిమిట్ ఎంత, దాత ఖర్చు వస్తుందా, దాత ముందస్తు పరీక్షలు వస్తాయా అన్నవి ఎస్టిమేషన్ రోజే కాగితం మీద అడిగించుకోవచ్చు.

ఇదంతా చదివాక మళ్ళీ కోరుట్ల పోయాను. సూది వద్దని చెప్పాను. గ్రేడ్ 4 కాబట్టి కీలు మార్పిడే దారి, దానికి పాలసీలో మూడేళ్ళు ఆగాలి, తమ్ముడు కట్టింది ఏడాదిన్నరే అయిందని చెప్పాను. "మరి డెబ్బయ్యేండ్లోల్లకు మోడీ కార్డు ఇస్తున్నరట గద" అంది. ఇస్తున్నారు, అందులో ఎదురుచూపు లేదు, వయసు మాత్రం ఆధార్‌లో ఉన్నదే లెక్క. ఆధార్ తీసింది. 1959 జనవరి 1. మన వైపు సగం మంది ముసలివాళ్ళు జనవరి ఒకటినే పుట్టారు. బీడీ పీఎఫ్ కార్డు మీద ఇంకో సంవత్సరం ఉంది.

"నిజంగ ఎప్పుడు పుట్టినవ్ పెద్దమ్మా?"

ఆకు కత్తిరిస్తూ ఆలోచించింది. "పోచంపాడు కాలువ తవ్వుతున్నప్పుడు నా లగ్గమైంది. అప్పటికి నాకు పదిహేనేండ్లు. గిప్పుడు ఆ కాలువను అడిగి కార్డు ఇస్తరా?" అని, చాట సర్దుకుని ఇంకో ఆకు తీసుకుంది.